పట్టీ గట్టిదైతే చాలదు.. పట్టుకునే చోటూ గట్టిదై ఉండాలి

సొంతంగా కారు తయారుచేసి ట్రాకుపై నడిపేవారు భద్రతా బెల్టు అమరికలో గమనించవలసిన అంశాలు

అమీర్‌పేట, పంజాగుట్ట: అమీర్‌పేట మైత్రీవనం పరిసరాల్లోని శిక్షణ కేంద్రాలకు రెండు తెలుగు రాష్ట్రాల్లోని అన్ని జిల్లాల నుంచి విద్యార్థులు వస్తుంటారు. వీరిలో కంప్యూటర్ కోర్సులవారే అధికమైనా, మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతూ ఆటోక్యాడ్, క్యాటియా వంటి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లు నేర్చుకునేవారూ కొందరు ఉంటారు. కళాశాలల మధ్య జరిగే పోటీల కోసం సొంతంగా కారు నిర్మించాలన్న ఉత్సాహం వీరిలో చాలామందికి ఉంటుంది. తెరపై గీసిన గొట్టాల చట్రమే తరువాత కళాశాల వర్క్‌షాపులోనో, ఇంటి వెనుక రేకుల షెడ్డులోనో కారుగా రూపుదాల్చుతుంది.

ఇంజిన్ ఎక్కడ కూర్చోవాలి, స్టీరింగ్ కడ్డీ ఎటు పోవాలి అన్న లెక్కలన్నీ తెరపైనే తేలుతాయి. డ్రైవరును సీటుకు పట్టి ఉంచే బెల్టు మాత్రం చాలామందికి ఆఖరున కొనే వస్తువుగానే మిగిలిపోతోంది. కారుకు రంగు వేయడం పూర్తయ్యాక బెల్టు తెప్పించి, ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ రంధ్రం వేసి బిగిస్తే పని అయిపోయినట్లే భావిస్తారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎంత ఖరీదైన బెల్టు అయినా, దాన్ని కట్టిన చోటు సరైనది కాకపోతే రక్షించవలసిన పట్టీయే వెన్నెముకను నలిపివేసే ప్రమాదం ఉంది.

అమీర్‌పేట తర్వాతి మెట్రో స్టేషన్ పంజాగుట్ట. అక్కడి నిజాం వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్) పేరు వినని జిల్లావాసి ఉండడు. తలకు, వెన్నుకు దెబ్బలు తగిలి అంబులెన్సులో వచ్చేవారి బంధువులు దాని ఆవరణలో ఎప్పుడు చూసినా కనిపిస్తారు. డ్రాయింగు నేర్చుకునే చోటికీ, విరిగిన ఎముకలకు చికిత్స చేసే చోటికీ మధ్య దూరం ఒక్క స్టేషనే. బెల్టు బిగించే స్థానాలు ఆ డ్రాయింగులోనే, గొట్టాలకు వెల్డింగు పడకముందే నిర్ణయం కావాలన్నది ఈ కథనం సారాంశం.

సొంత కార్లు నగరానికి కొత్త కాదు

చిత్రవిచిత్రమైన ఆకారాల్లో కార్లు తయారుచేయడంలో హైదరాబాద్‌కు ప్రత్యేకమైన పేరు ఉంది. బహదూర్‌పురాలో నెహ్రూ జంతుప్రదర్శనశాలకు సమీపాన సుధాకర్ నెలకొల్పిన సుధా కార్ల మ్యూజియం ఇందుకు తార్కాణం. ప్రపంచంలోకెల్లా పెద్ద మూడు చక్రాల సైకిల్‌ను నిర్మించి 2005లో గిన్నిస్ పుస్తకానికెక్కిన ఘనత ఆయనది. అయితే అవి ప్రదర్శన కోసం చేసినవి. వేగం కోసం చేసే కార్ల దారి వేరు.

దేశంలో విద్యార్థుల కోసం బాహా ఎస్ఏఈ ఇండియా పోటీలు 2007లో మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో ఆరంభమయ్యాయి. గుంతలు, మట్టిదిబ్బల మీద నడిచే ఒంటరి సీటు బండ్లను విద్యార్థులే నిర్మించి తీసుకువెళ్లాలి. నున్నటి ట్రాకుపై నడిచే ఫార్ములా తరహా పోటీలు ఆ తరువాత వచ్చాయి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా-ఈ విద్యుత్ కార్ల పందెం జరిగినప్పుడు నగర యువత ఎగబడి చూసింది. మరుసటి సంవత్సరం జరగవలసిన పందెం రద్దయినా, ఆ ముచ్చట మాత్రం తగ్గలేదు. పోటీలతో నిమిత్తం లేకుండా, రుసుము చెల్లించి తమ కారును ట్రాకుపై నడుపుకొనే 'ట్రాక్ డే'లకు తెలుగువారు సాధారణంగా చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై వెళ్తుంటారు. 1990లో ప్రారంభమైన ఆ ట్రాకు పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు.

బెల్టుపై పడే బరువెంత?

మామూలు కార్లలో ఉండే మూడు బిందువుల బెల్టును 1959లో స్వీడన్‌కు చెందిన వోల్వో కంపెనీ ఇంజినీరు నిల్స్ బోలిన్ రూపొందించారు. తీరిగ్గా కూర్చున్నప్పుడు వదులుగా ఉండి, కుదుపు రాగానే చుట్ట బిగుసుకుపోవడం నేటి బెల్టుల లక్షణం. ట్రాకుపై ఇది చాలదు. మలుపుల్లో డ్రైవరు పక్కకు జారకుండా, పల్టీ కొట్టినా సీటును వీడకుండా ఉండేందుకు హార్నెస్ వాడతారు. రెండు భుజాల మీదుగా రెండు పట్టీలు, నడుముకు రెండు, తొడల మధ్య నుంచి ఒకటి లేదా రెండు వచ్చి పొట్ట దిగువన ఒకే బకిల్‌లో కలుస్తాయి. వీటి సంఖ్యను బట్టి అయిదు బిందువుల బెల్టు, ఆరు బిందువుల బెల్టు అంటారు.

గంటకు 50 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఆ వేగంతో గోడను ఢీకొన్న కారులో డ్రైవరు శరీరం అర మీటరు దూరంలో ఆగిందనుకుందాం. కారు ముందు భాగం నలగడం, పట్టీ కొంత సాగడం వల్ల ఆ అర మీటరు లభిస్తుంది. అప్పటికీ శరీరంపై పడే బలం తన బరువుకు ఇరవై రెట్లు ఉంటుంది. అరవై కిలోల కుర్రవాడికి అది పన్నెండు క్వింటాళ్లు. అంటే 50 కిలోల సిమెంటు బస్తాలు ఇరవై నాలుగింటిని ఒక్కసారిగా ఆ పట్టీలకు వేలాడదీసినట్లు. షెడ్డులో చేసిన గొట్టాల కారు కంపెనీ కారులా నలగదు. ఆగే దూరం పావు మీటరుకు తగ్గితే బస్తాలు నలభై ఎనిమిదవుతాయి. రేకుకు రంధ్రం వేసి, సన్నని వాషరుతో బిగించిన బోల్టు దీన్ని మోయగలదా అన్నది ఎవరికి వారు ఆలోచించుకోవలసిన విషయం.

అందుకే అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య (ఎఫ్ఐఏ) నిబంధనల్లో ఒక్కొక్క బిగింపు స్థానం సుమారు 1,500 కిలోల లాగుడుకు, తొడల పట్టీ స్థానమైతే అందులో దాదాపు సగానికి తట్టుకోవాలని నిర్దేశించారు. రేకు మీద బిగించవలసి వస్తే దాని అడుగున కనీసం 40 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం, 3 మిల్లీమీటర్ల మందం గల ఉక్కు ప్లేటు ఉండాలి. ఈ ప్లేటు లేకపోతే బోల్టు తెగదు. రేకే కాగితంలా చిరిగి బోల్టు ఊడివస్తుంది. గొట్టాల చట్రం ఉన్నప్పుడు రేకు జోలికి పోకుండా చట్రానికే ప్రత్యేకమైన చెవులు వెల్డింగు చేయడం మేలు. సీటుకు గానీ, సీటును నిలిపే కాళ్లకు గానీ బెల్టు కట్టడాన్ని ఆ నిబంధనలు నిషేధించాయి. సీటు ఊడితే బెల్టుతో పాటు మనిషీ ఊడిపోతాడు కదా!

భుజాల పట్టీలతోనే అసలు ముప్పు

ఎక్కువ పొరపాట్లకు అవకాశం ఉన్నది ఇక్కడే గనుక దీన్ని కొంత వివరంగా చెప్పుకోవాలి. భుజాల మీదుగా వెనక్కి వెళ్లే పట్టీలను చాలామంది సీటు వెనుక నేలకు కట్టేస్తారు. నేల గట్టిగా ఉంటుంది, రంధ్రం వేయడం సులువు అన్నది వారి వాదన. కారు ఆగగానే శరీరం ముందుకు తూలుతుంది. పట్టీ వెనక్కి లాగాలి. కానీ నేలకు కట్టిన పట్టీ వెనక్కి లాగడంతో పాటు కిందికీ లాగుతుంది. బరువుల కూలీ నెత్తిన ఒక్కసారిగా మూట పడేస్తే వెన్ను ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది.

లెక్కలో చూస్తే తేడా స్పష్టమవుతుంది. భుజం పట్టీలో 500 కిలోల బిగువు ఉందనుకుందాం. పట్టీ అడ్డంగా కాక 45 డిగ్రీలు కిందికి వాలి ఉంటే అందులో 350 కిలోలు నిలువునా భుజాన్ని కిందికి అణచివేస్తాయి. వాలు 10 డిగ్రీలే అయితే అది 87 కిలోలకు తగ్గుతుంది. 45 డిగ్రీలు మించరాదని, 10 డిగ్రీలు దాటకపోవడం ఉత్తమమని ఎఫ్ఐఏ చెప్పడానికి కారణం ఇదే. విద్యార్థుల ఫార్ములా పోటీ నిబంధనలు ఇంకొంచెం కచ్చితంగా, భుజం ఎత్తు నుంచి అడ్డగీతకు 10 డిగ్రీలు పైకి, 20 డిగ్రీలు కిందికి మించని పరిధిని విధించాయి.

ఇందుకు మార్గం ఒక్కటే. డ్రైవరు వెనుక ఉండే రోల్ కేజ్ గొట్టాల మధ్య భుజాల ఎత్తులో అడ్డంగా ఒక గొట్టం వెల్డింగు చేసి, పట్టీలను దానికి చుట్టాలి. ఈ గొట్టం ఎంత ఎత్తున ఉండాలన్నది కారు నడిపే మనిషిని బట్టి ఉంటుంది. ఆరడుగుల విద్యార్థి, అయిదడుగుల విద్యార్థి ఒకే కారును నడిపేటట్లయితే ఇద్దరినీ సీటులో కూర్చోబెట్టి, హెల్మెట్ పెట్టించి కొలతలు తీసుకోవాలి. సగటు మనిషి కొలతలతో గీసిన బొమ్మ తెరపై బాగానే ఉంటుంది గానీ, పోటీనాడు సీటులో కూర్చునేది సగటు మనిషి కాదు.

గొట్టం సీటుకు దగ్గరగా ఉండాలన్నది మరో నియమం. పట్టీ ఎంత పొడవుంటే అంత ఎక్కువ సాగుతుంది; అంత ముందుకు తల వెళ్లి స్టీరింగుకు తగులుతుంది. రెండు పట్టీల మధ్య ఎడం కూడా మెడ వెడల్పుకు తగినట్లుండాలి. మరీ ఎడంగా కడితే భుజాల మీద నుంచి జారిపోతాయి. మరీ దగ్గరైతే మెడను ఒరుసుకుంటాయి. గొట్టానికి చుట్టేటప్పుడు మూడు కడ్డీల బిళ్లలోంచి పట్టీని తీసి, గొట్టం చుట్టూ తిప్పి, తిరిగి అదే బిళ్లలోంచి రెండోసారి వెనక్కి మడిచి తీయాలి. ఆ రెండోసారి తీయడం మరచిపోతే చేత్తో లాగినప్పుడు గట్టిగానే అనిపిస్తుంది, గుద్దుకున్నప్పుడు జారిపోతుంది. కొసన కనీసం నాలుగు అంగుళాల పట్టీ మిగిలి ఉండాలి.

నడుము పట్టీ ఎముక మీదనే

నడుము పట్టీ అని పేరే గానీ అది ఉండవలసింది నడుము మీద కాదు. పొత్తికడుపు కింద రెండు పక్కలా చేతికి తగిలే కటి ఎముకల మీద. పట్టీ పొట్ట మీదికి జరిగితే లోపలి పేగులు, కాలేయం ఆ పన్నెండు క్వింటాళ్లను మోయవలసి వస్తుంది. సీటు పక్కల నుంచి పట్టీ కిందికి, వెనక్కి వెళ్లే కోణం నిటారుగా కూర్చునే డ్రైవరుకు నేలతో 45 నుంచి 65 డిగ్రీల మధ్య ఉండాలి. మరీ పడుకున్నట్లుండే పట్టీ పొట్ట మీదికి ఎగబాకుతుంది.

భుజాల పట్టీలు బిగించినకొద్దీ బకిల్ పైకి లేవడం సహజం. దాన్ని కిందికి పట్టి ఉంచేది తొడల మధ్య పట్టీ. కూర్చోవడానికి ఇబ్బందిగా ఉందనో, నలుగురిలో నవ్వులపాలవుతామనో దాన్ని పెట్టుకోకుండా వదిలేయడం క్షమించరానిది. అది లేకపోతే ఢీకొన్న క్షణంలో శరీరం పట్టీ కిందనుంచి ముందుకు జారిపోతుంది. పెట్టుకునేటప్పుడు ముందుగా నడుము పట్టీని కింద ఎముకల మీద బిగించి, ఆ తరువాతనే భుజాల పట్టీలు లాగాలి. వరుస తారుమారైతే బకిల్ పొట్ట మీద కూర్చుంటుంది.

పట్టీ వెళ్లే దిశకు బ్రాకెట్టు సూటిగా ఉండడం ఇంకో ముఖ్యాంశం. వంకరగా ఉంటే పట్టీ అంతా బిళ్లలో ఒక మూలకు కుప్పపడి, ఆ అంచు దగ్గర చిరగడం మొదలుపెడుతుంది. అమెరికాలో ఎంతో పేరున్న రేసు డ్రైవరు డేల్ ఎర్న్‌హార్డ్ 2001 ఫిబ్రవరి 18న డేటోనా ట్రాకులో మరణించినప్పుడు ఆయన ఎడమవైపు నడుము పట్టీ తెగి ఉన్నట్లు తేలింది. పట్టీ సర్దుబాటు బిళ్లలో ఒక పక్కకు కుప్పపడడమే తెగడానికి కారణమని నాస్కార్ సంస్థ జరిపించిన విచారణ నివేదిక పేర్కొంది. ఆయన ప్రాణం తీసింది పుర్రె అడుగుభాగం విరగడం. మొండెం బెల్టుకు ఆగిపోయి, తల ఒక్కటే ముందుకు విసిరినట్లు వెళ్లినప్పుడు జరిగే గాయమిది. తలను హెల్మెట్ ద్వారా భుజాలకు కట్టి ఉంచే హాన్స్ అనే పరికరం అప్పటికే ఉన్నా డ్రైవర్లు పెద్దగా పట్టించుకోలేదు. ఫార్ములా వన్‌లో 2003 నుంచి అది తప్పనిసరి అయింది. హార్నెస్ ఎంత గట్టిగా పట్టుకుంటే మెడకు అంత పరీక్ష అన్నమాట. బెల్టుకు డబ్బు పెట్టేవారు దీనికీ కొంత దాచుకోవాలి.

రోడ్డు కారుకు ఈ మోజు వద్దు

ఇదంతా చదివి, రోజూ పంజాగుట్ట చౌరస్తా దాటే సొంత కారుకు కూడా నాలుగు పట్టీల బెల్టు తగిలించుకుందామని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. మామూలు కారు పల్టీ కొట్టి పైకప్పు నలిగితే మూడు బిందువుల బెల్టు ధరించిన మనిషి పక్కకు వాలడానికి కొంత వీలుంటుంది. హార్నెస్ మనిషిని నిటారుగా పట్టి ఉంచుతుంది. పైకప్పును ఆపడానికి రోల్ కేజ్ లేకపోతే ఆ బరువు తల మీదనే పడుతుంది. వాలే సీటుకు హార్నెస్ పెట్టినా ఇంతే; సీటు వీపు విరిగి వెనక్కి పడితే పట్టీలన్నీ వదులైపోతాయి. హార్నెస్, రోల్ కేజ్, కదలని సీటు ఈ మూడూ కలిసి ఉండవలసినవే గానీ విడివిడిగా కొనుక్కునేవి కావు.

పైగా రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద కుదరదు. షెడ్డులో చేసిన కారును రోడ్డుపై నడుపుకొంటూ ట్రాకుకు వెళ్లరాదు. లారీలోనో ట్రెయిలర్ మీదనో తీసుకువెళ్లాలి.

రోడ్డు మీద కావలసింది కంపెనీ ఇచ్చిన బెల్టు పెట్టుకోవడమే. అది కూడా జరగడం లేదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో సీటు బెల్టు ధరించక మరణించినవారు 16,715 మంది. వీరిలో డ్రైవర్లు, ప్రయాణికులు దాదాపు చెరిసగం. అదే సంవత్సరం సెప్టెంబరులో వెనుక సీటులో కూర్చున్న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మృతి చెందాక వెనుక బెల్టుపై కొంతకాలం చర్చ నడిచింది. మన దగ్గర 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లా అన్నెపర్తి వద్ద మాజీ ఎంపీ, నటుడు నందమూరి హరికృష్ణ స్వయంగా కారు నడుపుతూ ప్రమాదానికి గురై, వాహనం నుంచి బయటకు విసిరివేయబడి మరణించారు. ఆయన బెల్టు ధరించలేదని పోలీసులు అప్పట్లో తెలిపారు. బెల్టు పెట్టుకోకపోయినా హెచ్చరిక మోత రాకుండా ఆపే క్లిప్పులు ఆన్‌లైన్‌లో యథేచ్ఛగా అమ్ముడుపోతుంటే, 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ జోక్యం చేసుకుని వాటిని తొలగించాలని ఆదేశించవలసి వచ్చింది. ఇంత తెలివితేటలు బెల్టు తప్పించుకోవడానికి వాడే జనం మనం!

లేబుల్ చూసి కొనాలి

హార్నెస్ కొనేటప్పుడు పట్టీకి కుట్టిన లేబుల్ మీద ఎఫ్ఐఏ లేదా అమెరికాకు చెందిన ఎస్ఎఫ్ఐ ప్రమాణం సంఖ్య, తయారీ తేదీ లేదా గడువు తేదీ ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. ఎఫ్ఐఏ తాజా ప్రమాణం 8853-2016. ఎస్ఎఫ్ఐ 16.1 రకం బెల్టులకు తయారైన నాటి నుంచి రెండేళ్లే గడువు. మన ఎండలకు పట్టీ నూలు మరింత త్వరగా బలహీనపడుతుంది. గడువు తీరిన బెల్టును సీనియర్ల నుంచి వారసత్వంగా పుచ్చుకోవడం కళాశాలల్లో ఆనవాయితీగా మారకూడదు. బ్యాటరీ యాసిడ్ చుక్క పడినా, వెల్డింగు నిప్పురవ్వ తగిలినా, పట్టీ అంచు పీచులేచినా మార్చవలసిందే. వెల్డింగు పని ఉన్నప్పుడు బెల్టులు విప్పి పక్కన పెడితే సరిపోయేదానికి, గుడ్డ కప్పి పని కానివ్వడం దండగ.

సొంతంగా పట్టీ కత్తిరించి దర్జీ చేత కుట్టించడం, లారీల విడిభాగాల దుకాణంలో దొరికే లోడు పట్టీలతో బెల్టు తయారుచేయడం వంటివి ఎట్టి పరిస్థితుల్లోనూ పనికిరావు. బోల్టులు సైతం బెల్టు కంపెనీ ఇచ్చినవే వాడాలి. సాధారణంగా అవి 7/16 అంగుళాల మందంతో, సన్నని మరలతో వస్తాయి. దుకాణంలో దొరికే మామూలు బోల్టు వాటి రంధ్రంలో దూరినంత మాత్రాన వాటికి సాటి కాదు.

పిల్లవాడు కారు చేస్తున్నాడని ఊళ్లో గొప్పగా చెప్పుకునే తల్లిదండ్రులు ఒక్కసారి ఆ షెడ్డుకు వెళ్లి, అతడిని సీటులో కూర్చోబెట్టి పట్టీలన్నీ బిగించమని చెప్పి, భుజం పట్టీలు సీటు వెనుక ఎటు పోతున్నాయో చూడవచ్చు. అందుకు ఇంజినీరింగు చదవనక్కరలేదు. అవి నేల వైపు దిగిపోతుంటే కారు ట్రాకుకు పోరాదు.

బయటికి రావడమూ సాధన చేయాలి. హెల్మెట్, చేతి తొడుగులు అన్నీ ధరించి, బెల్టులు పూర్తిగా బిగించుకున్న డ్రైవరు అయిదు సెకన్లలో కారు దిగగలగాలని విద్యార్థుల పోటీల్లో తనిఖీ చేస్తారు. పెట్రోలు మంట అంతకన్నా ఎక్కువ వ్యవధి ఇవ్వదు. బకిల్‌ను ఎడమ చేత్తోనూ, కుడి చేత్తోనూ, కళ్లు మూసుకునీ విప్పడం అలవాటు కావాలి. తలకిందులుగా ఉన్నప్పుడు విప్పితే మెడ మీద పడతామని, ముందు ఒక చేయి పైకప్పు గొట్టానికి ఆనించాలని కూడా నేర్పాలి.

ఒకసారి గట్టిగా ఢీకొన్న కారులోని బెల్టు చూడడానికి చెక్కుచెదరనట్లే ఉంటుంది. సాగిన పోగులు కంటికి కనిపించవు. దాన్ని విప్పి, మరొకరు ఎవరూ వాడకుండా బకిల్ దగ్గర కత్తెరతో రెండు ముక్కలు చేయాలి. ఆ ముక్కలను ట్రాక్టరు ట్రాలీలో బస్తాలు కట్టుకోవడానికి ఇంటికి పంపితే నాన్నగారు సంతోషిస్తారు.